విలాయతు వెనక తలుపు

మాంచెస్టరు నుంచి పంజాగుట్టకు బయలుదేరినప్పుడు నా ట్రంకు పెట్టెలో ఉన్నవి ఇవి: డ్రాయింగు పరికరాలు, విద్యుత్తు మీద కొన్ని పుస్తకాలు, హైదరాబాదులో ఎప్పుడు తొడుక్కోవాలో తెలియని ఉన్ని కోటు, అమ్మకు శాలువా, మా గుడి పాదిరి అయ్యగారికి కళ్లజోడు గూడు, కాలేజీ వాళ్లిచ్చిన డిప్లొమా. చివరగా ఒక వెండి చెంచా. అక్కడి చలి గురించీ పొగ గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను చెంచా వచ్చిన దారి చెబుతాను.

మా అమ్మ మరియమ్మ సోమాజిగూడలో మిషను బంగళాలో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసింది. పెళ్లి చేసుకోని ఒక దొరసాని అందులో ఉండేది. ఆమె బట్టలు, పడక, పెట్టెల తాళాలు అమ్మ చేతిలో. వంట, బల్ల, వెండి సామాను బట్లరు దానియేలు చేతిలో. దొరసాని ఆరోగ్యం చెడి తన దేశానికి వెళ్లిపోయింది. తరువాత వచ్చిన కొత్త దొరసాని బంగళా సామాను లెక్క చూసుకుంటే చక్కెర చెంచా ఒకటి తగ్గింది. పెట్టెలు సర్దింది మరియక్కేనని దానియేలు అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. అమ్మను మాత్రం పనిలోకి రావద్దన్నారు.

గుడిలో కూడా ఎవరూ ఏమీ అనలేదు. కానీ పంట పండుగ రోజున గుడి వాళ్లంతా కలిసి తినే ప్రేమవిందులో కూర వడ్డించే గరిటె అంతకుముందు ప్రతి ఏడూ అమ్మ చేతిలో ఉండేది. ఆ ఏడు వేరొకరికి ఇచ్చారు. పెళ్లిళ్లలో వంటకు సాయం వెళితే, అమ్మ ఇంటికి బయలుదేరాక ఎవరో ఒకరు గిన్నెలు లెక్కపెట్టేవారు. అది అమ్మకు తెలుసు.

దొరసానికి ఉత్తరం రాస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. కాగితం మీద అడిగితే అడుక్కున్నట్టుంటుందని, ముఖం చూసి అడగాలని అంది. సర్కారు స్కాలర్‌షిప్పు మీద నన్ను విలాయతు పంపినప్పుడు అమ్మ చెప్పిన పని ఇదొక్కటే. దొరసాని చిరునామా అయ్యగారు సంపాదించి పంపేసరికి నా చదువు చివరికొచ్చింది.

మాంచెస్టరు

కాలేజీలో డిప్లొమా తీసుకుని వస్తుంటే మా వీధి చివరి పార్కులో మనుషులు పూలమొక్కలు పీకి కందకాలు తవ్వుతున్నారు. జర్మనీ విమానాలు వస్తే అందులో దాక్కోవాలట. నేను పరీక్షలకు కూర్చుని చదువుకున్న బల్ల మట్టికుప్ప మీద తలకిందులుగా పడి ఉంది.

ఆ సాయంత్రం మా ఇంటావిడ నన్ను చర్చి హాలుకు తీసుకుపోయి గ్యాస్ మాస్కు కొలతలు ఇప్పించింది. రబ్బరు ముసుగు, కళ్లకు అద్దం, మూతి దగ్గర డబ్బా. డబ్బా అడుగున అట్టముక్క ఆనించి ఊపిరి లోపలికి లాగమంటారు. ముసుగు బుగ్గలకు అతుక్కుంటే సరిపోయినట్టు. యంత్రంగా చూస్తే చాలా చక్కని ఏర్పాటు. నా పక్కన ఒక తల్లి తన కూతురికి అది తొడిగింది. ఆ పిల్ల తల్లి ముఖానికున్న ముసుగు చూసి గుక్కపట్టి ఏడ్చింది. రబ్బరు వాసన చేతికి రెండు రోజులు పోలేదు. మనకు చదువూ మందులూ ప్రార్థనా నేర్పిన దేశం ఇదేనా అని ఆ హాల్లో నిలబడి అనుకున్నాను. గోడ మీద శాంతి సమాధానాల గురించిన బైబిలు వాక్యం రాసి ఉంది.

మర్నాడు దొరసాని ఊరికి రైలెక్కాను.

మిల్లుల ఊరు

బోల్టన్ దాటాక ఒక చిన్న ఊరు అది. ఎటు చూసినా మిల్లు పొగగొట్టాలు, వాటి కింద ఒకే అచ్చులో పోసినట్టు ఇటుక ఇళ్ల వరసలు. స్టేషను ముందు వేపుడు చేప, ఆలుగడ్డ ముక్కలు మూడు పెన్నీలకు పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు. మీద ఉప్పు, పుల్లటి సిర్కా చల్లారు. తింటుంటే చేప తోకకు మంత్రిగారి ఉపన్యాసం అంటుకుంది. పక్కన చర్చి కనిపిస్తే చేతులు తుడుచుకుని లోపలికి పోయాను. లోపల కుర్చీలూ మంచాలూ బీరువాలూ పేర్చి ఉన్నాయి. ధరల చీటీలు వేలాడుతున్నాయి. వచ్చేవాళ్లు తగ్గిపోతే అమ్మేశారని, సామానుకు మంచి గాలి ఆడుతుందని కొట్టతను చెప్పాడు. మా పంజాగుట్టలో గుడికి రేకుల కప్పు వేయించడానికి ఆడవాళ్లు వంటకు కొలిచేటప్పుడు తీసిపెట్టే పిడికెడు బియ్యం గుర్తొచ్చింది. ఆ బియ్యపు కుండ మీద అతికించిన బొమ్మ ఇలాంటి ఒక విలాయతు చర్చిదే.

దొరసాని వీధి దొరికింది. నెంబరు దొరికింది. తలుపు మూసి, తెర దించి ఉంది. తట్టాలి. కాని నా కాళ్లు అప్పటికే పక్కకు తిరిగి వెనక సందులోకి నడుస్తున్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె బంగళాకు నేను వెనక నుంచే వెళ్లాను. చేతిలో డిప్లొమా ఉన్నా కాళ్లకు ఆ సంగతి తెలియదు.

వెనక సందులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టి బట్టలు ఆరేశారు. దుప్పట్ల కింద వంగి వంగి పోతే, ఒక గడప దగ్గర తలకు గుడ్డ కట్టుకున్న ముసలి ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని మెట్టును రాయితో రుద్దుతూ కనబడింది. పనిమనిషి అనుకుని, అమ్మగారున్నారా అని ఇంగ్లీషులో అడిగాను.

ఆమె తల తిప్పింది. దొరసాని.

నేను చిన్నప్పుడు ఆమె వరండాలోకి వస్తే గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఆమె చెయ్యి తడవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆ చేతులు మోచేతుల దాకా ఎర్రగా పగిలి ఉన్నాయి. నన్ను కాసేపు చూసి తెలుగులో, "నువ్వు మరియమ్మ కొడుకువి సామెలువు కదూ. క్షేమమేనా బాబూ," అంది. పుస్తకంలో నేర్చుకున్న ఆ తెలుగు అలాగే ఉంది.

ఇంతలో పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, మీ బంధువా అని ఆమెను అడిగింది. నల్లవాణ్ణి చూసి ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. ఆ ఊళ్లో వెనక తలుపున వచ్చేది చుట్టాలూ ఇరుగుపొరుగూనట. ముందు తలుపు డాక్టరుకు, పాదిరికి, అద్దె వసూలు చేసేవాడికి, శవపేటికకు. సూటు వేసుకుని తిన్నగా వెనక్కి వచ్చాను కాబట్టి, దూరదేశంలో పుట్టిన తమ్ముడి మనవడెవరో అనుకుందట. 

ఆ మెట్టు రుద్దడం గురించి రెండు మాటలు. పాత గుడ్డలు ఇస్తే బండివాడు ఒక మెత్తని రాయి ఇస్తాడు, మన దగ్గర పాతబట్టలకు గిన్నెలు ఇచ్చినట్టు. ఆ రాయితో గడప అంచు తెల్లగా గీస్తారు. మబ్బుగా ఉన్నా, వాన వచ్చేలా ఉన్నా గీస్తారు. గీయని ఇంటిని చూసి వీధంతా చెప్పుకుంటుంది. మన వాకిట్లో ముగ్గు లేకపోతే చెప్పుకున్నట్టే.

చక్కెర డబ్బా

ఆమెకు ఉన్నది ఒక గది, వంటిల్లు. ఆలుగడ్డ, మాంసం కలిపి ఉడికించిన కూర పెట్టింది. కారం లేదు కాని వేడిగా ఉంది. ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. కూర్చున్నానన్న మాటే కాని వీపు కుర్చీకి ఆనలేదు.

అమ్మ ప్రశ్న ఎలా మొదలుపెట్టాలా అని మాటలు పేర్చుకుంటుంటే ఆమె టీ పోసింది. మూత మీద ఏనుగు బొమ్మ ఉన్న నీలం డబ్బా తెరిచి నా వైపు జరిపింది. అందులో చక్కెర. చక్కెరలో చెంచా. కాడ మీద ద్రాక్షతీగ. సెలవుల్లో దానియేలు పక్కన కూర్చుని సుద్దపొడితో ఆ తీగ సందులు రుద్దింది నేనే. చూడగానే తెలిసింది.

"ఇది సోమాజిగూడ బంగళా చెంచా కదా అమ్మగారూ."

"అవును. ఓడలో డబ్బా తెరిస్తే ఇందులోనే ఉంది. మిషను వాళ్లకు రాయాలనుకున్నాను. ఒక చెంచాయే కదా అని ఊరుకున్నాను."

నేను ఆ చెంచాతో టీ కలుపుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి మా అమ్మ మోసినది ఆమెకు రోజుకు రెండుసార్లు చక్కెర అందిస్తోంది. అప్పుడు జరిగినదంతా చెప్పాను: సామాను లెక్క, పని పోవడం, గరిటె, గిన్నెలు. ఆమె మధ్యలో ఒక్కసారే, "మరియమ్మనా," అంది.

నేను చెప్పడం అయిపోయాక లేచి బయటికి పోయి, సగంలో వదిలిన మెట్టు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని రుద్దింది. అంచు దాకా రుద్ది, చేతులు కడుక్కుని వచ్చింది. కోపం తెచ్చుకోవాలని నేను చాలా ప్రయత్నించాను. అంత ముసలామె అలా వంగి ఉంటే రాలేదు.

"నా తాళాలు నా దగ్గర కన్నా మరియమ్మ దగ్గరే భద్రం. ఆ మాట నేను అక్కడ ఎవరికైనా చెప్పి రావలసింది. చెప్పలేదు. ఇప్పుడు నువ్వు చెప్పు."

చెంచాను కడిగి రుమాల్లో చుట్టి ఇచ్చి, బంగళాలో చేర్చమంది. నేను బయలుదేరుతుంటే గౌరవంగా పంపాలని ముందు తలుపు గడియ లాగింది. అది బిగుసుకుపోయి కదలలేదు. గోడ అవతల నుంచి పక్కింటావిడ, కుర్రవాణ్ణి అటు పంపకు, మంచిది కాదు అని కేకేసింది. వెనక నుంచే వచ్చాను.

ఓడ మీద

ఓడెక్కే ముందు, చర్చి హాల్లో ఇచ్చిన మాస్కు తిరిగి ఇచ్చేశాను. సముద్రం మీద ఉండగా, యుద్ధం తప్పిపోయిందని రేడియోలో చెప్పారట. తెల్లవాళ్లు డెక్కు మీద ఒకరినొకరు కావలించుకున్నారు. అంతవరకు మాతో మాట్లాడని ఒక ముసలి దొర నా చేతిలో బిస్కెట్ల డబ్బా పెట్టి వెళ్లాడు. మర్నాడు ఎదురైతే గుర్తుపట్టనట్టు పోయాడు.

నా గదిలో తంజావూరు వకీలు ఒకాయన ఉండేవాడు. ఓడ కదిలిన దగ్గర నుంచి నిమ్మకాయ ఊరగాయ సీసా దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. ఉడికించిన ఆలుగడ్డలు వచ్చిన ప్రతిసారీ ఒక్కొక్క ఊరగాయ ముక్క దానం చేసేవాడు. పోర్ట్ సయిద్‌లో ఏనుగు దంతం పెట్టె బేరమాడి కొన్నాడు. ఎర్రసముద్రం ఎండకు అది జిగురు వదిలి ఎముకల కుప్పగా విడిపోయింది. అంత లోకజ్ఞానం ఉన్న ఆయనే నా చెంచా కథ విని, వస్తువే చేతికి వచ్చాక కేసు ఎక్కడుందయ్యా, మీ అమ్మ గెలిచినట్టే అన్నాడు. నాకూ అలాగే తోచింది. వస్తువు పోయిందన్నారు, వస్తువు దొరికింది. కొలతకు కొలత సరిపోయింది. బొంబాయిలో దిగి ఇరానీ హోటల్లో టీ తాగుతూ కూడా అదే ధైర్యం.

నాంపల్లి

నిజాం సర్కారులోకి బయటి సామాను వస్తే సుంకం కట్టాలి. నాంపల్లి స్టేషనులో కరోడ్‌గిరి గుమాస్తా నా ట్రంకు ప్లాట్‌ఫారం మీదే తెరిపించాడు. నన్ను తీసుకుపోవడానికి అమ్మ, అయ్యగారు, గుడి వాళ్లు నలుగురైదుగురు వచ్చారు. బంతిపూల దండ దానియేలు చేతిలో ఉంది. గుడి పెద్దల్లో అతనొకడు.

గుమాస్తా పుస్తకాలు పక్కన పెట్టి రుమాలు విప్పాడు.

"గిదేంది బాబూ, వెండిదా? ఎంతకు కొన్నవ్?"

కొనలేదన్నాను. ఎవరిచ్చారని అడిగితే ఒకామె ఇచ్చిందని, కాని ఆమెది కాదని నిజం చెప్పాను.

"ఇచ్చినామెది గాదు, తెచ్చినోనిది గాదు. మరి ఎవనిది భాయ్? దీనికి కాళ్లొచ్చి నడిచొచ్చిందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను చెంచాను ఎండకు ఎత్తి పట్టుకుని ద్రాక్షతీగను అటూ ఇటూ తిప్పి చూశాడు. దానియేలు దండ వేయడానికి ముందుకు వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు.

"అగో, గది మన బంగళా చెంచా," అన్నాడు. నా వైపు తిరిగి అన్నాడు, "అయితే పోయేటప్పుడే నీ వెంట విలాయతుకు పట్టుకపోయినవన్నట్టు."

వేల మైళ్లు దాటించి తెచ్చిన సాక్ష్యం ఒక్క మాటతో తలకిందులైంది. జరిగింది చెప్పబోతే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. అయ్యగారు నేల చూశారు. అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, ట్రంకు సర్దమంది. సుంకం ఎంత కట్టానో ఇప్పుడు గుర్తులేదు.

టాంగా లక్డీకాపూల్ దాటాక అమ్మ అడిగింది.

"ఎందుకు తెచ్చినవురా గదాన్ని?"

సాక్ష్యం కోసమన్నాను.

"సామాను ఎవరింట్ల దొరుకుతె ఆల్లే దొంగలంటరు కొడుకా. గంత సదువు సదివినవ్, గిది తెల్వదా?"

పంజాగుట్ట

మర్నాడు పొద్దున జొన్నరొట్టె, ఎండు చింతచిగురు పప్పు పెట్టి అమ్మ ఎదురుగా కూర్చుంది.  చెంచా సంగతి పక్కన పెట్టి, దొరసాని నోటితో ఏమందో ఆ మాటే చెప్పమంది. తాళాల మాట చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఆమె అన్నట్టే, ఆ పుస్తకాల తెలుగులోనే చెప్పమంది. చెప్పాను. అమ్మ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

తరువాత మొత్తం అడిగింది. ఆమె ఇల్లు, రాయితో రుద్దిన మెట్టు, పగిలిన చేతులు. "బట్టలు సుత ఆమెనే ఉతుక్కుంటదా?" అని రెండుసార్లు అడిగింది. నేను వెనక సందున పోయిన కథకు, పక్కింటావిడ నన్ను చుట్టమనుకున్న కథకు, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"అయితే ఆల్ల దేశం లెక్కల ఇన్నేండ్లు నేను చుట్టాల తొవ్వలనే పోయిన్నన్నట్టు."

నీలం డబ్బా సంగతి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"మూత మీద ఏనుగున్నదా?"

ఉందన్నాను.

"గది టీ బుట్టల డబ్బ. రైల్ల తాగనీకె టీ బుట్ట దానియేలు సర్దిండు. చక్కెర నింపింది ఆయ్నె. నేను పట్టలే."

పెట్టెలు సర్దింది అమ్మే. కాని ఆ డబ్బా పెట్టెలోది కాదు. నాకు కోపం అప్పుడొచ్చింది, మిల్లుల ఊళ్లో రానిదంతా. ఇప్పుడే పోయి అందరి ముందూ అతని పేరు చెబుదామన్నాను. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుంది. చెంచా రుమాలు తీసుకుంది.

సోమాజిగూడ

బంగళా దగ్గరికి వచ్చాక నా కాళ్లు మళ్లీ వెనకవైపు తిరిగాయి. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"పరాయోళ్లు ముందు తలుపుకు వొస్తరన్నవ్ గద. ఇయ్యాల పరాయిదాన్నే."

వరండా మెట్లు ఎక్కి తలుపు తట్టింది. తెల్లకోటులో దానియేలే తీశాడు.

"మరియక్కా, గిటెందుకు? ఎనక్కు రా."

"దొరసానిని పిలువు దానియేలూ. నేను పనికి రాలే."

కొత్త దొరసాని వచ్చింది. ఆమెకు తెలుగు అంతంతమాత్రం. అమ్మ తన ఆయా ఇంగ్లీషులోనే చెప్పింది, నన్ను చెప్పనివ్వలేదు. బంగళా చెంచా ఇదిగో, పాత మిస్సమ్మతో చక్కెర డబ్బాలో వెళ్లింది, మిస్సమ్మే తిరిగి పంపింది. దొరసాని చెంచాను, అమ్మను, నన్ను చూసింది. ముఖం ఎర్రబడింది. చాలాసార్లు సారీ అంది. తరువాత, ఆ డబ్బా సర్దింది ఎవరని అడిగింది.

దానియేలు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.  ఇలాంటి ఒక్క చెంచాకే అమ్మ పని పోయింది. అతనికీ ఇంట్లో తినేవాళ్లు ఉన్నారు.

నేను నోరు తెరిచాను. అమ్మ నా కన్నా ముందు మాట్లాడింది. యాదికి లేదు మెమ్‌సాబ్ అంది.

దొరసాని మళ్లీ పనిలోకి రమ్మంది. అమ్మ దండం పెట్టి మెట్లు దిగింది. దారి పొడవునా నేను అడుగుతూనే ఉన్నాను, ఎందుకు చెప్పలేదని. ఆ వీధిలో పిల్లలు గోలీలాడుతుంటే, వాళ్లు అడ్డం తొలగేదాకా అమ్మ ఆగి చూసింది.

పంట పండుగ ఆ తరువాతి ఆదివారమే వచ్చింది. దేవుని మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ దానియేలు లేచి నిలబడ్డాడు. అంతకుముందు లేచినవాళ్లందరూ జ్వరాలు తగ్గిన సంగతులు, పంటలు పండిన సంగతులు చెప్పారు. ఇతను చక్కెర డబ్బా సంగతి చెప్పాడు. "నింపింది నేను. చెంచ అండ్లనే మరిచింది నేను. మరియక్కను అన్నది సుత నేనే," అని కూర్చున్నాడు. 

బయట విస్తళ్లు పరిచారు. దానియేలు కూర డేగిసా దగ్గరి నుంచి గరిటె తెచ్చి అమ్మ ముందు చాచాడు. ఆడవాళ్లందరూ చూస్తున్నారు. అమ్మ గరిటెను చూసింది, అతన్ని చూసింది. మొదటి వరసలో విస్తరి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇయ్యాల నేను కూసుంట దానియేలూ. నువ్వు పెట్టు."

అతను వంగి వడ్డించాడు. మొదటి ముద్ద తిని, ఉప్పు తక్కువైందని అమ్మ అంది. ఉప్పు గిన్నె కోసం దానియేలు పరుగెత్తాడు.